అడగాలి అని రాసిన పద్దు

గల్లాపెట్టె తాళంచెవి నాలుగు రోజులుగా భోజనాల బల్ల మీదే పడి ఉంది. దాన్ని ఎవరూ తీయలేదు, పక్కకి జరపనూ లేదు. కంచాలు దాని చుట్టూ పెట్టుకుంటున్నారు. బల్ల తుడిచేటప్పుడు అమ్మ కూడా గుడ్డని దాని చుట్టూ తిప్పి తుడుస్తోంది.

లెక్కలక్క గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదట దాన్నే చూసింది. చూసి, చూడనట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది.

వీధి వీధంతా ఆమెని లెక్కలక్క అనే పిలుస్తుంది. చిన్న చిన్న కొట్లవాళ్ళకి పద్దులు రాసిపెట్టడం, పన్ను కాగితాలు నింపడం, కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకి ఏది ముందు ఏది వెనక అన్నది చెప్పడం ఆమె పని. సలహాకి ఫీజు తీసుకుంటుంది, చీవాట్లు మాత్రం ఉచితం. ఇంతమంది లెక్కలు చక్కబెట్టే మనిషి నాలుగు రోజులుగా తమ్ముడి ఇంటి వైపు తొంగి చూడలేదు. ఈరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, నువ్వు పెట్టిన చిచ్చు నువ్వే వచ్చి ఆర్పమని చెప్పి, జవాబు వినకుండా పెట్టేసింది.

"మూడింటికి బండి వస్తుందట, మిషను పట్టుకుపోవడానికి" అంది అమ్మ, కాఫీ గ్లాసు ఆమె ముందు కాస్త గట్టిగానే పెడుతూ.

"ఏ మిషను?"

"ఇంకే మిషను. నీ మరదలిది."

పెళ్ళికి ముందు మూడేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి, దాచుకున్న జీతంతో మరదలు కొనుక్కున్న కుట్టుమిషను అది. కింద కొట్టులో ఇప్పుడు కరెంటు మిషన్లు మూడున్నాయి. కానీ పన్నెండేళ్ళ కిందట తమ్ముడు కర్టెన్ల కొట్టు తెరిచినప్పుడు మొదటి కర్టెను కుట్టింది దాని మీదే. ఇప్పుడది మేడ మీద గదిలో కిటికీ పక్కన ఉంటుంది. దాని మీద ఎవరైనా తడిగుడ్డ ఆరేస్తే మరదలు ఊరుకోదు.

అమ్మేస్తోందా అని లెక్కలక్క అడిగింది. అమ్మక ఏం చేస్తుంది, ఆ ఎనభై ఆరు వేలు పూడ్చడానికే అంది అమ్మ. అయితే అమ్ముతున్నానని మరదలు నోటితో అనలేదట. మూడింటికి బండి వస్తుంది, మిషను వెళ్తుంది అందట, అంతే. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

తమ్ముడు గోడవారగా కూర్చుని కత్తెర తుడుస్తున్నాడు. అప్పటికే తళతళలాడుతున్న కత్తెరని అంతసేపు తుడవాల్సిన పనిలేదు.

"నేను అమ్మమనలేదక్కా" అన్నాడు. "డబ్బు తీసింది నువ్వేనని దాన్ని అననూ లేదు."

"మరేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"అదేరా నేను మొత్తుకునేది" అంది అమ్మ.

తమ్ముడు కత్తెర పక్కన పెట్టాడు. ఆ రోజు భార్య తాళంచెవి ఇక్కడ పెట్టి తన వైపు కాసేపు చూసిందని, తను తలొంచుకుని అన్నం తిన్నానని, ఏం కూరో కూడా గుర్తులేదని చెప్పాడు. చెప్తున్నంతసేపూ అక్క మొహం చూడలేదు.

జరిగింది ఇదే బల్ల దగ్గర. కిందటేడు కుట్టిచ్చిన కర్టెన్ల తాలూకు బాకీ ఇమ్మని తమ్ముడు లాడ్జి ఓనరుని అడిగితే, ఆయన ఎప్పుడో కట్టేశానని రసీదు తీసి చూపించాడు. ఎనభై ఆరు వేలు. కింద మరదలి సంతకం. మరదలు కాదనలేదు. అవును, తీసుకున్నాను, బ్యాంకులో కట్టాను అంది. ఏ రోజో గుర్తులేదంది, చలానా చీటీ వెతికి పెడతానంది. లెక్కలక్క బ్యాంకు పుస్తకం పేజీ పేజీ వేలు పెట్టి చూసింది. ఎనభై ఆరు వేలన్న అంకె ఎక్కడా లేదు.

లేదని చెప్పి ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. తన దగ్గరికొచ్చే ప్రతి వ్యాపారికీ చెప్పే మాటే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. గల్లా దగ్గర కూర్చునేవాళ్ళే పద్దు కూడా రాస్తే ఇలాగే అవుతుంది, అందుకే ఆ రెండు పనులూ ఒక్కరికే అప్పగించొద్దంటాను అంది. సలహా మంచిదే. కాకపోతే గల్లా దగ్గర కూర్చునే మనిషి అప్పుడు అక్కడే నిలబడి వాళ్ళకి వడ్డిస్తోంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ముగ్గురూ ఒక్కసారిగా ఏదో పనిలో పడ్డారు. మరదలు నీళ్ళ బిందె పట్టుకుని వచ్చింది, నింపుకుంది.

"రండి వదినా" అంది. "కాఫీ తాగారా?"

అంతే. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. మామూలు రోజైతే ఈ పిల్ల, ఏం వదినా, ఈరోజు ఎవరి గల్లాకి గండి కొట్టొచ్చారు అని నవ్వేది. ఆ వేళాకోళం కోసం లెక్కలక్క కాసేపు ఎదురు చూసింది కూడా. మరదలు బిందె ఎత్తుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. పొరుగింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది, కాఫీ తాగారా అని.

పదింటికి గొడుగుల ఆయన వస్తానన్నాడు. అది వంకగా పెట్టుకుని లెక్కలక్క లేచింది. మూడింటిలోపు వస్తాను, నేను మాట్లాడతాను అని అమ్మకి చెప్పింది గానీ ఏం మాట్లాడాలో ఆమెకే తెలీదు.

గొడుగుల ఆయన అట్టపెట్టె నిండా చీటీలు తెచ్చి ఆమె బల్ల మీద బోర్లించాడు. వానల్లో అమ్మిన గొడుగుల లెక్కంతా తడిసి ముద్దై అందులో ఉంది. ఆయనకో బెంగ పట్టుకుంది. బ్యాంకులో ఎవరో పద్నాలుగు వేలు వేశారు, ఎవరో తెలీదు. అమ్మకంలో కలిపేసుకోవచ్చా అని అడిగాడు.

"కలపకూడదు" అంది లెక్కలక్క. "ఎవరిదో తెలీని డబ్బుని అనామతు ఖాతాలో రాసి ఉంచాలి. అది అరుగు లాంటిది. ఎవరో తెలిసేదాకా అక్కడ కూర్చోబెడతాం, తెలిశాక లోపలికి పిలుస్తాం. అంతేగానీ నెలల తరబడి అరుగు మీదే వదిలేయకూడదు. అడిగి తెలుసుకోవాలి."

"ఎవర్ని అడగాలమ్మా? బ్యాంకు వాళ్ళనా?"

"ముందు ఇంట్లో వాళ్ళని అడగండి. సగానికి సగం సార్లు వాళ్ళే కట్టి ఉంటారు. చేతిలో ఉన్న ఇంకో డబ్బు కూడా కలిపి కడతారు, అందుకే అంకె చూసి పోల్చుకోలేరు."

ఆ మాట అన్నాక ఆమె పెన్ను ఆగింది. గొడుగుల ఆయన ఇంకేదో అడుగుతున్నాడు. అద్దె రసీదుల గురించో, నిల్వ సరుకు గురించో. ఆమె తలూపింది, రేపు రమ్మంది, చీటీలు ఇక్కడే ఉండనివ్వమంది. ఆయన మెట్లు దిగాడో లేదో లేచి బీరువాలోంచి తమ్ముడి కొట్టు ఫైలు తీసింది.

కిందటేడు అనామతు పేజీ. ఒక్కటే పద్దు. బ్యాంకులో జమ, తొంభై ఒక్క వేల ఐదు వందలు. పక్కన పెన్సిలుతో తన చేత్తో రాసుకున్న చిన్న మాట ఉంది. అడగాలి.

అడగలేదు. ఏడాది లెక్క ముగించాల్సిన రోజు వచ్చింది. ఇంకా పదిహేను కొట్ల కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఆ రోజు ఆమె ఏం చేసిందో కింది గీతలో తన అక్షరాలతోనే ఉంది. యజమాని సొంత పెట్టుబడిగా మార్చి, సర్దుబాటు అని రాసి, గీత కొట్టి, పేజీ తిప్పేసింది. తమ్ముడిదే కొట్టు, తమ్ముడే ఎక్కడినుంచో తెచ్చి వేసుంటాడులే అనుకుంది. పరాయివాళ్ళ పద్దైతే నాలుగుసార్లు ఫోన్ చేసి ప్రాణం తీసేది. అయినవాళ్ళే కదా అని వదిలేసింది.

ఫైలు వెనకవైపు రసీదుల నకళ్ళున్నాయి. ఒకటి కార్బను సరిగ్గా పడక దాదాపు తెల్లగా ఉంది. కిటికీ వెలుతురుకి పెట్టి చూస్తే లాడ్జి పేరు కనబడింది, ఎనిమిదీ ఆరూ కనబడ్డాయి. తొంభై ఒక్క వేల ఐదు వందల్లోంచి ఎనభై ఆరు తీసేస్తే ఐదు వేల ఐదు వందలు. ఫైలుతోపాటే ఉన్న, మరదలు రాసే రోజువారీ అమ్మకాల పుస్తకంలో జమ అయిన తేదీ వెతికింది. రెండు కర్టెన్లు, ఆరు దిండు గలీబులు. వచ్చింది ఐదు వేల ఐదు వందలు. రెండూ కలిపి ఒకే చలానాతో కట్టేసింది పిచ్చిది.

పిచ్చిది అనుకుని, ఆ మాటకి తనే సిగ్గుపడింది.

అప్పుడు లెక్కలక్కకి వచ్చిన ఆలోచన ఏమంత గొప్పది కాదు. ఇది తనకి తప్ప ఎవరికీ తెలీదు. కొత్త కాగితం మీద పద్దు సరిచేసి, బ్యాంకు వాళ్ళ పొరపాటట, దొరికింది అని చెప్పేస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తమ్ముడు సంతోషిస్తాడు. అక్క ఎలాగోలా కనిపెట్టిందని అమ్మ మెచ్చుకుంటుంది కూడా. పెన్సిలుతో రాసిన ఆ మాటని చెరపడానికి రబ్బరు చేతిలోకి తీసుకుంది. అ అన్న అక్షరం చెరిపేసింది.

చెరుపుతుంటే పొద్దుటి మాట చెవిలో పడింది. రండి వదినా, కాఫీ తాగారా. అంత మర్యాదగా ఆ పిల్ల తనతో ఎన్నడూ మాట్లాడలేదు. లెక్కలక్క రబ్బరు సొరుగులో పడేసి, ఆ పేజీని ఫైల్లోంచి ఊడదీసి మడిచి సంచిలో పెట్టుకుంది. దారిలో రెండుసార్లు ఆగింది, ఒకసారి చెప్పు తెగిందేమోనని చూసుకుంది. తెగలేదు.

రెండున్నరకి ఆమె వెళ్ళేసరికి తమ్ముడు కింద కొట్టులో ఎవరికో కిటికీ కొలతలు రాసిస్తున్నాడు. ముందు అతనికే చెప్పాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. కొనేవాళ్ళున్నారు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుని మేడ ఎక్కేసింది.

మరదలు కింద కూర్చుని మిషను పాదానికి నూనె రాస్తోంది. పక్కన పాత దుప్పటి, తాడు. దారపు ఉండలన్నీ ఒక డబ్బాలో సర్దేసి ఉన్నాయి.

లెక్కలక్క నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం. కాగితం తీసి చూపించి, డబ్బు బ్యాంకుకి చేరిందని, తనే తప్పుగా రాసిందని, తొంభై ఒక్క వేల ఐదు వందలు కంటికి ఎదురుగానే ఉన్నా ఎనభై ఆరు కోసమే వెతికానని, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందని చెప్పింది.

మరదలు నూనె డబ్బా మూత పెట్టింది. చేతులు తుడుచుకుని, దారాల డబ్బా అడుగునుంచి మడత పెట్టిన చీటీ తీసి మిషను మీద పెట్టింది. బ్యాంకు ముద్రతో చలానా చీటీ. తొంభై ఒక్క వేల ఐదు వందలు.

"రెండో రోజే దొరికింది వదినా."

"మరి చూపించలేదేం?"

"చూపిద్దామనే మెట్లు దిగాను. మీ తమ్ముడు గల్లా సొరుగుకి కొత్త తాళం వేయిస్తున్నారు." మరదలు చీటీని మళ్ళీ మడిచింది. "అప్పుడు చూపిస్తే చీటీని నమ్మేవారు. నన్ను కాదు. అందుకని మళ్ళీ పైకొచ్చేశాను."

కొత్త తాళం సంగతి లెక్కలక్కకి తెలీదు. గల్లా ఒకరికే అప్పగించొద్దన్న సలహాని తమ్ముడు తూచా తప్పకుండా పాటించాడన్నమాట. బల్ల మీద నాలుగు రోజులుగా పడి ఉన్న తాళంచెవితో ఇప్పుడు ఏ సొరుగూ తెరుచుకోదు.

"మీరు అడిగి ఉంటే సరిపోయేది" అంది మరదలు. "ఇంకేమైనా కలిపి కట్టావా అని ఒక్క మాట. మీ దగ్గరికొచ్చే వాళ్ళందర్నీ అడుగుతారుగా."

లెక్కలక్క తన కాగితం మడిచింది. మిషను అమ్మొద్దని, ఇక ఆ అవసరమే లేదని అంది చివరికి.

"అమ్మడం లేదు. గది అద్దెకి తీసుకున్నాను. నాకూ మిషనుకీ."

ఎక్కడ అని లెక్కలక్క అడగబోతే మరదలు తల అడ్డంగా ఊపింది. "మీకు చెప్తే పక్కన రాసిపెట్టుకుంటారు" అంది. ఆ మాటలో పాత వేళాకోళం రవ్వంత ఉంది. పొద్దుటి నుంచీ దానికోసం ఎదురు చూసిన లెక్కలక్కకి అది వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మరదలు మిషను మీద దుప్పటి కప్పుతూ అడిగింది. "కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళకి మొట్టమొదట ఏం చెప్తారు మీరు? నాకూ చెప్పండి. ఊరికే కాదు, ఫీజు ఇస్తాను."

వేళాకోళమేమోనని లెక్కలక్క చూసింది. కాదు. మరదలు పెన్సిలు ముక్క, చిన్న పుస్తకం తీసి సిద్ధంగా ఉంది. లెక్కలక్కకి చెప్పక తప్పలేదు. ఇంటి డబ్బూ పని డబ్బూ కలపొద్దు, పనికి వేరే ఖాతా తెరువు అంది. ఏ రోజు వచ్చింది ఆ రోజే రాయి అంది. అరువిస్తే ఎప్పుడిస్తారో వాళ్ళ చేత్తోనే రాయించుకో, గుడ్డకి సగం ముందే తీసుకో, పన్నుకి ప్రతినెలా కొంత పక్కన పెట్టు, అది నీది కాదనుకో అంది. మరదలు ఒక్కొక్కటే రాసుకుంది.

"ఇంకా?"

"నీ పేరున నువ్వే జీతం రాసుకోవాలి. ఎంత తక్కువైనా సరే. అందరూ మర్చిపోయేది అదే. తన కష్టానికి వెల కట్టుకోకపోతే లాభం వచ్చిందో లేదో ఎప్పటికీ తెలీదు."

పెన్సిలు ఆగింది. "కింద కొట్టు పద్దుల్లో నా జీతం ఏ పేజీలో ఉంది వదినా?"

పన్నెండేళ్ళు. ఆ పద్దులన్నీ రాసింది లెక్కలక్కే. ముగ్గురు కుట్టేవాళ్ళ జీతాలు, ఊడ్చే మనిషి జీతం, చివరికి కత్తెరలకి సాన పట్టించిన ఖర్చుకి కూడా వేరే పేజీ ఉంది.

"లేదు" అంది.

మరదలు ఆ మాట కూడా రాసుకుందో ఏమో, పుస్తకం మూసేసింది. కింద బండి వచ్చిన చప్పుడైంది. ఇద్దరు మనుషులు పైకొచ్చి మిషనుని చెరో వైపు పట్టుకున్నారు.

"మీ తమ్ముడికి చెప్పడం మీ పని" అంది మరదలు, వాళ్ళ వెనక మెట్ల వైపు నడుస్తూ. "నేనున్నప్పుడు మాత్రం వద్దు. ఆయన ఏడుస్తారు, నేను ఓదార్చాలి. అంత ఓపిక నాకు లేదు."

మెట్ల మలుపులో తగలకుండా చూడండని ఆమె వాళ్ళకి చెప్పడం వినిపించింది. ఆ తర్వాత తమ్ముడి గొంతు ఏదో బతిమాలుతున్నట్టు వినిపించింది. కాసేపటికి తమ్ముడు రొప్పుతూ పైకొచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"నువ్వైనా చెప్పక్కా దానికి. మిషను అమ్మాల్సినంత ఏమొచ్చింది? ఏదో అవసరం పడి తీసుకునుంటుంది. పోనీ, పోయిన డబ్బు పోయింది. నేను ఎప్పుడో క్షమించేశాను."

క్షమించేశాను అన్న మాటకి లెక్కలక్క తలెత్తి చూసింది. తమ్ముడి మొహం ఎంత అమాయకంగా ఉందంటే, ఆ మాట వాడికి తనే నేర్పినట్టు అనిపించింది ఆమెకి. ఈ నాలుగు రోజుల్లో వాడు భార్యని దొంగని చేసి, మళ్ళీ వాడే పెద్ద మనసు చేసుకున్నాడు. ఆ రెండిటికీ మొదలు తన చేతిలోని కాగితమే.

ఆమె కాగితం అతని చేతికిచ్చి, పద్దు మీద వేలు పెట్టింది. ఒక్కో అంకె చదివి వినిపించింది. దేంట్లోంచి ఏది తీస్తే ఏం మిగిలిందో చెప్పింది. బ్యాంకు వాళ్ళ పొరపాటు అని ఎక్కడా అనలేదు.

తమ్ముడు కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. మొదలు చెరిగిన పెన్సిలు మాట మీద బొటనవేలు పెట్టాడు.

"డగాలి. ఏమిటక్కా ఇది?"

"అడగాలి. మొదటి అక్షరం ఇందాకే చెరిపాను."

"నీ రాతేగా?"

"నా రాతే."

అతను అక్కని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమెకి ఆ తర్వాత చాలాసార్లు అనిపించింది. తిరిగి భార్యని పిలిచాడు, పేరు పెట్టి, ఇంకా మెట్ల మీదే ఉందన్నట్టు. కింద బండి కదిలిన చప్పుడు విని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. వీధి మలుపులో బండి వెనక భాగం కనిపించింది. దుప్పటి కప్పిన మిషను పక్కన, దాని మీద చెయ్యేసుకుని మరదలు కూర్చుని ఉంది. ఇటు చూడలేదు.

ఎటు తీసుకెళ్తున్నారు, ఎవరు కొన్నారు అని అడిగాడు. అమ్మలేదని, గది తీసుకుందని, ఎక్కడో చెప్పలేదని లెక్కలక్క చెప్పింది. మిషను ఇన్నేళ్ళుగా నిలబడ్డ చోట నేల మీద నాలుగు పాదాల గుర్తులు నల్లగా ఉన్నాయి. తమ్ముడు వాటి మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు.

అప్పుడు అతనికి కిటికీ గట్టు మీద నూనె డబ్బా కింద నొక్కిపెట్టిన నోట్లు కనిపించాయి. తీసి లెక్కపెట్టాడు. లెక్కలక్క మొదటిసారి వచ్చినవాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటుందో సరిగ్గా అంతే ఉన్నాయి. చిల్లరతో సహా.

"ఇదెవరి డబ్బక్కా?"

"నాదే" అంది లెక్కలక్క. "నా ఫీజు."